నేల ఉసిరిలో గులాబీ చుక్క

"నేను చూశానండీ" అన్న మాట సాక్ష్యం కాదని సభల్లో గొంతు చించుకుని వాదించినవాణ్ణి నేను. దేవుణ్ణి చూశామన్నవాళ్లనీ, దెయ్యాన్ని చూశామన్నవాళ్లనీ ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి: "మళ్లీ చూపించగలరా?" ఆ ప్రశ్నకి ఇప్పుడు నా దగ్గరే జవాబు లేదు.

నిరుడు కంకిపాడు కాలవగట్టు మీద పీకి తెచ్చిన నేల ఉసిరిలోంచి ఒక బ్యాక్టీరియా బయటపడింది. కామెర్లకి పసరు పోస్తారే, ఆ మొక్కే. మొక్కకి ఏ హానీ చేయకుండా దాని లోపలే బతికే జీవుల్ని వెతకడం మా కాలేజీ ల్యాబులో మా పని. ఆకుని బ్లీచింగ్ నీళ్లలో, స్పిరిట్‌లో ముంచి పైనున్న క్రిముల్ని చంపుతాం. ఆఖరిసారి కడిగిన నీళ్లని, క్రిములకి తిండి పరిచిన వేరే గాజు ప్లేటులో పోసి చూస్తాం. అందులో ఏమీ మొలవకపోతేనే, నూరిన ఆకులోంచి మొలిచింది లోపలిదని ఒప్పుకుంటాం.

ఇక ప్లేటు పారేద్దాం అనుకుంటుండగా మొలిచింది, ఆవగింజలో సగమంత, లేత గులాబీ చుక్క. జన్యుక్రమం చదివిస్తే తెలిసిన ఏ జాతితోనూ సరిపోలేదు. కొత్తది!

అయితే దాన్ని కొత్త జాతిగా గుర్తించాలంటే రెండు దేశాల్లోని భద్రపరిచే కేంద్రాలకి బతికున్న నమూనా పంపాలి. పంపేలోపే, ప్లేటు నుంచి ప్లేటుకి మార్చేకొద్దీ అది సన్నగిల్లి ఆగిపోయింది. ఫ్రీజర్లో దాచిన గొట్టాల్లోంచీ లేవలేదు. ఫొటో ఉంది, జన్యుక్రమం ఉంది. అదే లేదు.

భవానీపురం నుంచి వచ్చే మేడం నాతో కలిసి పనిచేస్తారు. ఆవిడే అన్నారు: "సార్, ఈసారి దాని తిండిలో ఆ మొక్క పసరే కలుపుదాం."

"బ్యాక్టీరియాకి పసరు వైద్యమా మేడం? రేపు తాయెత్తు కూడా కడదామంటారు."

"కడితే మొలుస్తుందంటే దారం మీరే తెచ్చేట్టున్నారు."

నవ్వాను గానీ, లోపల ఎక్కడో గుచ్చుకుంది. "పసరు కలపని ప్లేటు కూడా పక్కన పెడదాం. అప్పుడు వైద్యం కాదు, ప్రయోగం" అన్నాను.

తొలి వానలకి గట్టున మొక్కలు మళ్లీ లేచాయి. ఇద్దరం వెళ్లి తెచ్చాం. ప్లేట్లు సర్దుతూ, "దీనికో పేరు అనుకున్నానండీ" అన్నాను.

"చెప్పకండి సార్! మా అమ్మీ అయితే బిడ్డ పుట్టకముందు ఉయ్యాల కూడా కొననివ్వదు."

మామూలుగా అయితే ఆ మూఢనమ్మకం మీద అరగంట ఉపన్యాసం దంచేవాణ్ణి. ఈసారి ప్లేటు మూత మీద తేదీ ఒక్కటే రాశాను. బతికున్న జీవి చేతిలో లేకుండా పెట్టిన పేరు ఎలాగూ చెల్లదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రోజూ పొద్దున్నే ప్లేట్లని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తాను. తెల్లవీ పసుపువీ ఏవేవో మొలిచాయి. నిన్న మూత మీద పడ్డ ఎండ పొడ ఒక్క క్షణం గులాబీగా కనిపించింది. మూత వంచగానే పోయింది.

"ఉందా సార్?" అన్నారు మేడం వెనకనుంచి.

ఉందని అనాలని ఎంత ఉందో!

"ఇంకా లేదండీ" అన్నాను.