అక్క తగ్గించిన వేగం

ఈ మధ్యాహ్నం గేమింగ్ కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే, మా అమ్మాయి సెట్టింగుల్లో మెమరీ వేగాన్ని ఒక మెట్టు తగ్గించింది. ఫ్యాన్ నుంచి వెచ్చటి దుమ్ము వాసన వచ్చింది. నేను మచ్చ బొల్లారంలోని మా పాత ఇంట్లో తేలాను.

గుర్తుందా మిత్రులారా, కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం! దాని మీద అవ్వ పాత చీర కప్పేవాళ్లం. పరదా చాటు మసక వెలుతురులో కార్ల పందెం సాగుతుంటే, గదంతా మెల్లగా కదిలిపోతున్నట్టుండేది.

మా చిన్నాయిన కంప్యూటర్ బిగించినతనితో పట్టుబట్టి మెమరీ వేగం అది తట్టుకోలేనంత పెంచి పెట్టించాడు. దాంతో ఎవరు ఆడినా పందెం సగంలో తెర బిగుసుకుపోయేది. నింద మాత్రం ఇంటర్ చదివే మా అక్క మీద పడింది.

"ఆడివిల్ల చెయ్యి వెడితె గిట్లనే అయితది. ఇగ ముట్టకు!"

"నువ్వు ఆడినప్పుడు గూడ ఆగింది గదా చిన్నాయినా?"

అక్క అలా అడిగినా ఆయన మాట మార్చలేదు. తప్పు మగవాడిది, నిషేధం ఆడపిల్లకు! ఇదేం న్యాయమని ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మర్నాడు ఆయన కంప్యూటర్‌కు నిమ్మకాయ కట్టి, పని మీద మేడ్చల్ వెళ్లాడు. అక్క సెట్టింగుల్లోకి వెళ్లి మెమరీ వేగం తగ్గించింది. సాయంత్రం చిన్నాయిన ఆడితే పందెం చివరిదాకా సాగింది.

"సూసినవా, నిమ్మకాయ మహిమ!"

"గట్లనా? అయితే దిష్టి వోయినట్టే గదా. ఇగ లే చిన్నాయినా, నేను ఆడుత."

ఆయన లేచాడు. నేనైతే గొంతు చించుకుని వాదించేదాన్ని. అక్క నవ్వి కుర్చీలో కూర్చుంది. చీకటి పడేదాకా ఆమె కారు ఎక్కడా ఆగలేదు.