లాక్ తీసిన అమ్మాయి

ఢిల్లీ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలకి చెప్పే కథ ఒకటుంది, మీలో కొందరు వినే ఉంటారు. వెనకటికి నోయిడాలో ఒకమ్మాయి, పని తెలియక, సీనియర్ లాక్ చేసి పెట్టుకున్న ఫైళ్ళ మీద చెయ్యి పెట్టి, ఆయన వారాల తరబడి రాసిన కోడంతా చెరిపేసిందట, కాబట్టి నలుగురూ కలిసి రాసే కోడ్ విషయంలో పద్ధతులు పాటించాలట. ఆ కథ అబద్ధం. కాస్త అటూ ఇటూ అయిన అబద్ధమైనా కాదు, తలకిందులుగా నిలబెట్టిన అబద్ధం. ఆ రోజు పక్క కుర్చీలో కూర్చున్నదాన్ని నేను. కాదనేవాళ్ళుంటే వచ్చి నాతో వాదించండి, వాదనకి నేను వెనకాడనని నన్నెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

పోయిన ఆదివారం వైశాలిలో మా తమ్ముడింట్లో భోజనాల దగ్గర, గుర్‌గావ్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు, కొత్త బ్యాచికి తను చెప్పబోయే పాఠాన్ని ముందు మా మీద ప్రయోగించి చూస్తూ, నవ్వించడానికి ఇదే కథ ఎత్తుకుంది. ఆ అమ్మాయికి మౌస్ పట్టుకోవడం కూడా రానట్టు చెయ్యి వంకర్లు తిప్పి మరీ అభినయించింది. మా తమ్ముడు తల కంచంలోకి దించుకున్నాడు. పప్పుగిన్నెతో నిలబడ్డ మా మరదలు మాత్రం కూతురి కంచంలో గరిటెడు పప్పు వేసి, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది:

"సర్వర్లో ఏమీ పోలేదమ్మా. పోయింది ఆయన మెషీన్లో. యెస్ టు ఆల్ నొక్కింది ఆయనే."

"తుమ్హే కైసే పతా, మమ్మీ?"

నీకెలా తెలుసని కూతురు అడుగుతుండగానే మమ్మీ పప్పుగిన్నెతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇక నేను నోరు మూసుకుని కూర్చోవాలంటే నా వల్ల అయ్యే పని కాదు కదా, చెప్పేశాను. ఆ అమ్మాయి మీ అమ్మేనని.

అప్పటికింకా నోయిడాకి మెట్రో రాలేదు. చార్టర్డ్ బస్సులో, చలికాలమైతే కిటికీ సందులకి పాత పేపరు కుక్కుకుని, పొగమంచులో ఊగుతూ వెళ్ళేవాళ్ళం. మా మరదలు అప్పటికి మా మరదలు కాదు, నన్ను అక్కా అని పిలిచే పిల్ల. సివిల్స్ రాద్దామని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కిటికీ లేని గదిలో ఉండి చదివి, అది కుదరక, ప్రోగ్రామింగ్ నేర్చుకుని మా దగ్గర కాంట్రాక్టు మీద చేరింది. కోడ్ ఎంత శుభ్రంగా రాసేదంటే, ఎవరి పేరూ లేకుండా నాలుగు వరుసలు చూపించినా ఇది తనదేనని చెప్పగలిగేవాళ్ళం. ఆ ఏడు తనని పర్మనెంట్ చేస్తారని అందరం అనుకుంటున్నాం, ఊళ్ళో తండ్రికి అప్పుడే ఫోన్లో చెప్పేసింది కూడా.

మేం చక్కెర మిల్లుల కంపెనీ ఒకదానికి జీతాల సాఫ్ట్‌వేర్ చేస్తుండేవాళ్ళం. కోడ్ తాలూకు అసలు ప్రతి, అందరికీ ఉమ్మడిగా ఉన్న సర్వర్లో ఉండేది. ఏ ఫైలు మార్చాలన్నా లైబ్రరీ పుస్తకంలా మన పేర తీసుకోవాలి, తీసుకుంటే ఒక కాపీ మన మెషీన్లోకి వస్తుంది, ఆ క్షణంలోనే సర్వర్లో దానికి లాక్ పడుతుంది, తిరిగి అప్పజెప్పేదాకా మిగతావాళ్ళు చూడొచ్చు గానీ ముట్టుకోవడానికి లేదు. సాయంత్రానికల్లా అప్పజెప్పడం మా ఆచారం. మా టీం లీడర్‌కి మాత్రం ఆ ఆచారం వర్తించదు. పూర్తికాని పనిని నలుగురి కంటా పడనివ్వడం ఆయనకి నామోషీ, అందుకని ఫైళ్ళు వారాలకి వారాలు లాక్‌లోనే ఉంచుకునేవాడు. తీసుకున్నవాడు ఊళ్ళో లేకపోతే ఆ లాక్ తీసే అధికారం ఒక్క అడ్మిన్ పాస్‌వర్డుకే ఉంటుంది, అది చాకిరీ తప్ప గౌరవం లేని పని కాబట్టి ఆ పాస్‌వర్డు ఈ పిల్ల నెత్తిన పడేశారు.

మా మేనేజరు మన తెలుగాయనే. ఫౌజులో చేసి రిటైరై, మయూర్ విహార్‌లో ఫ్లాటు కొనుక్కుని ఈ ఉద్యోగంలో చేరాడు. ఆఫీసులో సర్ అన్నా, బయట మా ఇద్దరికీ బాబాయిగారే. పండగలకి ఇంటికి పిలిచేవాడు, పిన్నిగారు పెసరట్లు వేస్తూనే ఉండేవారు, మేం తింటూనే ఉండేవాళ్ళం. కాగితం మీద ఆజ్ఞలివ్వడం ఆయనకి నచ్చేది కాదు. మాటంటే మాటే, ఫౌజులో అలాగే యుద్ధాలు చేశామనేవాడు, మాకూ అది గొప్పగానే ఉండేది.

లీడర్ చెల్లెలి పెళ్ళికని సెలవు మీద వెళ్ళాడు, ఫైళ్ళు లాక్‌లోనే వదిలేసి. మిల్లు వాళ్ళకి ఓవర్‌టైం లెక్క తప్పు వస్తోందని, సరిచెయ్యకపోతే కూలీలకి జీతాలు ఆగిపోతాయని ఫోన్ల మీద ఫోన్లు. లీడర్ ఫోన్ ఎత్తడు. బాబాయిగారు మా సీట్ల దగ్గరికొచ్చి, నేను వింటుండగా, "లాక్ తీసెయ్ అమ్మా, నేను చూసుకుంటా" అన్నాడు. తను తీసింది, సర్వర్లో ఉన్న ప్రతిలో తప్పు దిద్దింది, జీతాలు వేళకి పడ్డాయి. అంతా మెచ్చుకున్నారు కూడా.

లీడర్ తిరిగొచ్చి, తన లాక్ ఎవరో తీశారని చూసి మండిపడ్డాడు. ఆ పిల్ల పరిగెత్తుకెళ్ళి, సర్, ముందు మీ మెషీన్లో ఉన్న ఫైళ్ళు వేరేచోట కాపీ పెట్టుకోండి, తర్వాత సర్వర్ నుంచి తెచ్చుకుని కలుపుదాం, నేను సాయం చేస్తాను అని హిందీలో బతిమాలింది. నాకు నేర్పుతావా అంటూ సర్వర్లో ఉన్నవన్నీ తన మెషీన్లోకి లాగాడు. మీ ఫైళ్ళ మీద వీటిని రాసెయ్యమంటావా అని మెషీను అడిగింది. యెస్ టు ఆల్ నొక్కాడు. వారాల పని, సర్వర్‌కి ఎన్నడూ అప్పజెప్పని పని, కళ్ళముందే పోయింది. మెషీను పాపం అడిగే చేసింది.

ఆ మధ్యాహ్నమే కంపెనీ యజమాని మమ్మల్నందరినీ తన గదిలోకి పిలిచాడు. ఎవరు చెబితే లాక్ తీశావని అడిగాడాయన. పిల్ల బాబాయిగారి వైపు చూసింది. ఆయన టీ కప్పులోకి చూస్తున్నాడు. నేనాగలేక, సర్ చెబితేనే తీసింది, నా చెవులతో విన్నానని గట్టిగానే చెప్పాను. బాబాయిగారు తలెత్తలేదు. అప్పుడు ఆ పిల్ల అన్నమాట ఇప్పటికీ నాకు చెంపదెబ్బలాగే ఉంది.

"నహీ సర్. కిసీనే నహీ కహా. మైనే ఖుద్ ఖోలా."

ఎవరూ చెప్పలేదట, తనే తీసిందట. తన కోసం సాక్ష్యం చెప్పిన నన్ను అంతమంది ముందు అబద్ధాలకోరుని చేసింది. కాంట్రాక్టు పొడిగించలేదు. తిరుగు బస్సులో నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అన్నీ విని, "ఆయన నోటితో ఆయనే అంటారని చూశానక్కా. అనలేదు. అనని మనిషి చేత అనిపించి నేనేం చేసుకోను?" అంది. ఆ తర్వాత మళ్ళీ ఏ కంప్యూటర్ ఆఫీసు గడపా తొక్కలేదు. తండ్రికి మాత్రం తనే మానేశానని చెప్పుకుంది. పట్టుబట్టి మా తమ్ముడికి చేసుకున్నాం. ఇప్పుడు వైశాలిలో తమ అపార్ట్‌మెంట్ల సొసైటీ పిల్లలకి లెక్కలు చెబుతుంది. లీడర్ అంచెలంచెలుగా పైకెక్కి, శిక్షణలిస్తూ ఊరూరా ఈ కథ చెబుతున్నాడు, పేరు చెప్పకపోవడం తన దయ అనుకుంటూ.

ఇదంతా విని మా మేనకోడలు బిక్కచచ్చిపోయింది. అప్పుడడిగింది కదా, మమ్మీ మెయిల్ ఎందుకు అడగలేదు అత్తా అని. బాబాయిగారిని మెయిల్లో రాసిమ్మని అడగాలట! నేను నిర్ఘాంతపోయాను. వాళ్ళ లోకంలో ఒక్క వరస మార్చినా మార్చినవాళ్ళ పేరు పడుతుందట, ఇంకొకరు చూసి సరేనంటే తప్ప అసలు కోడ్‌లో కలవదట, ఆ సరే అన్నవాళ్ళ పేరూ పక్కనే ఉంటుందట. మంచిదే, అలాంటిదుంటే ఆ రోజు అంత జరిగేది కాదు. కానీ పెసరట్టు పెట్టిన చేతిని రాసిమ్మని అడగడం మా తరానికి తట్టనైనా లేదని ఆ పిల్లకెలా చెప్పను?

కథని సరిచేసి, ఆయన చెబితేనే తీసిందని కొత్త బ్యాచికి చెప్తానంది మేనకోడలు. వంటింట్లోంచి మా మరదలు, వద్దు, ఆ పెద్దాయనని లాగకు, కావాలంటే ఆ కథే తీసెయ్ అంది. పాఠంలోంచి కథ పోయింది. అంటే మా మరదలు ఆ కథలోంచి నిర్దోషిగా బయటికి వచ్చే దారి కూడా, తన చేతులతోనే, మూసేసుకుంది.

బాబాయిగారు ఇంకా మయూర్ విహార్‌లోనే ఉన్నారు. మా తమ్ముడి పెళ్ళికొచ్చి ఇద్దరి మీదా అక్షింతలు వేశారు, ఉగాదికి ఇప్పటికీ ఫోన్ చేసి అందరి క్షేమం అడుగుతారు, మా మరదలి దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త తగ్గుతుంది. తను ఒట్టు పెట్టించుకుంది కాబట్టి నేను ఫోన్లో అడగను. ఇక్కడ అడుగుతున్నాను, ఆయన పత్రికలన్నీ చదువుతారు: ఆ గదిలో, ఆ పిల్ల మీ వైపు చూసినప్పుడు, నేనే చెప్పానన్న ఒక్క మాటకి మీకేం అడ్డొచ్చింది బాబాయిగారూ?