తలుపు మరిచిన గోడ

మా ఎకనామిక్స్ సారు పోయారు. సిద్దిపేటలో ముప్పై ఏళ్లు జీడీపీ పాఠం చెప్పిన మనిషి పోయిన కబురు నాకు చెప్పింది కాలేజీ వాళ్లు కాదు, ఒక తాపీ మేస్త్రీ. "సారు గుండె ఆగింది తమ్మీ, జల్ది రా" అన్నాడు. 'దేశ ఆర్థిక వ్యవస్థకు తీరని లోటు' అని మొదలుపెడదామనుకున్నాను. సారు ఉంటే "ఎట్ల లోటు? వివరించు, పది మార్కులు" అని నిలబెట్టేవారు. అందుకే వివరిస్తున్నాను.

పొద్దున కూలీలు పని కోసం నిలబడే అడ్డా ఉంది కదా, సారు వాకింగ్ అక్కడికే. తొమ్మిదయ్యాక కూడా పని దొరకక మిగిలిన వాళ్లెంతమందో చూసేవారు. పొలిటికల్ సైన్సు వాళ్లను అసెంబ్లీ చూపించడానికి హైదరాబాదు తీసుకెళ్లిన ఏడాది, సారు మమ్మల్ని అడ్డాకు నడిపించుకెళ్లారు. "దేశం ఎట్లుందో టీవీలోళ్లు మూడు నెలలకోసారి చెప్తరు. అడ్డా రోజు పొద్దుగాల్నే చెప్తది" అనేవారు.

తర్వాత కరోనా వచ్చింది. నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడి మూతపడింది, జీతం ఆగింది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడ్డాక, ముఖానికి మాస్కు, దాని మీద తువ్వాల చుట్టుకుని అడ్డాలో నిలబడ్డాను. నా కర్మ కొద్దీ సారు వచ్చారు. వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెడుతూ నా దగ్గర ఆగారు.

"ఇరవై నాలుగు. ఏం రా, ఇంటర్నల్స్‌ల తక్కువ మార్కులేసిన అని నమస్తే సుత పెట్టవా?"

"నమస్తే సార్."

"ఇటుకలు మోసుడు వస్తదా?"

"రాదు సార్."

"నాకు కట్టిచ్చుడు రాదు. సరిపాయె. రేపు ఇంటికి రా."

మర్నాడు వెళితే అక్కడ మేస్త్రీతో పాటు పెళ్లిళ్లు లేక ఖాళీగా ఉన్న టెంట్‌హౌస్ అన్న, గిరాకీ లేని మంగలి మామ ఉన్నారు. సారు మేడ మీద గది కట్టిస్తున్నారు. మేడం తల పట్టుకున్నారు. "ఇద్దరం ముసలోళ్లం. మీద అర్ర ఎవలికి?"

"రోగానికి భయపడి మనిషి పనికి రాడు. రేపటికి భయపడి ఉన్నోడు పైసలు తియ్యడు. అందరు గిట్ల కూసుంటె దేశం లేస్తదా?" అన్నారు సారు. దేశాన్ని లేపే బాధ్యత అలా మా ముగ్గురి మీద పడింది.

మేస్త్రీ ఇసుక కోసం పోయిన పూట మేం మహా ఉత్సాహంగా గోడ లేపాం. సారు లోపల కుర్చీ వేసుకుని, పైపుతో నిన్నటి గోడకు నీళ్లు కొడుతూ డిమాండు గురించి చెబుతున్నారు. గోడ ఛాతీ దాకా వచ్చింది. అప్పుడు సారు అటూ ఇటూ చూశారు.

"ఒరేయ్, నేనెట్ల బయటికి రావాలె?"

తలుపుకు జాగా వదలలేదు. "అసలు లాక్‌డౌన్ అంటే గిది రా!" అని సారు నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డారు. మేస్త్రీ వచ్చి మమ్మల్ని తిట్టిన తిట్లు అచ్చుకు పనికిరావు. సారు మాత్రం అడ్డుపడ్డారు. "పోనీ తియ్. కట్టినందుకు ఓసారి కూలి, కూలగొట్టినందుకు ఓసారి. రెండూ జీడీపీలనే కలుస్తయ్."

రోజులు కుదుటపడ్డాయి. అన్నకు పెళ్లిళ్లు, మామకు గడ్డాలు తిరిగొచ్చాయి. మా బడి మాత్రం తెరవలేదు. సారు గది తాళం నా చేతిలో పెట్టి, "పిల్లల్ని పట్టుకరా, ట్యూషన్ చెప్పు" అన్నారు. కిరాయి సంగతి ఎత్తితే కసిరారు. "పెట్టుబడి పెట్టినోడు పక్కకు జరగాలె రా. నెత్తి మీద కూసుంటె ఏదీ పెరగది." అన్నట్టే, ఒక్కరోజు కూడా నా క్లాసులోకి తొంగి చూడలేదు.

మొన్న సాయంత్రం ఇంటి ముందు టెంట్‌హౌస్ అన్న తనే గుంజలు పాతాడు. మంగలి మామ సారుకు చివరిసారి గడ్డం గీశాడు. నాకేం చేయాలో తోచక, పైకి వెళ్లి, ట్యూషన్‌కు వచ్చిన పిల్లలకు బోర్డు మీద 'ఈ రోజు క్లాసు లేదు' అని రాసి వచ్చాను.

పాడె లేచింది. ఒక కొన నా భుజం మీద ఉంది. డప్పు నాలుగు అడుగులు ముందుకెళ్లాక పైనుంచి తొమ్మిదో ఎక్కం వినబడింది. పిల్లలు ఇళ్లకు పోలేదు. ఎవరూ చెప్పకుండానే వాళ్లంతట వాళ్లు మొదలుపెట్టారు. గల్లీ మలుపు దాకా మా వెనకే వచ్చింది ఆ ఎక్కం, మధ్యలో ఒకచోట తప్పిపోయి, మళ్లీ మొదటి నుంచి.