బొట్టు పెట్టిన గ్లౌజులు

మా సర్వీస్ సెంటర్‌లో పోశన్న కోసం వెతకనక్కర్లేదు. ఏ బండి బానెట్ ఎత్తి ఉంటే దాని కింద ఉంటాడు. పిలిస్తే "ఆఁ, చెల్లె" అంటాడు కానీ తల మాత్రం బయటికి తియ్యడు. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో మాది ఒక యూరప్ కంపెనీ కార్లు బాగుచేసే వర్క్‌షాప్. నా పేరు భానుమతి. ముందు బల్ల దగ్గర కూర్చుని, బండి ఆలస్యమైందని కస్టమర్లు పెట్టే చివాట్లన్నీ తినడం నా ఉద్యోగం. మాది పాలకొల్లు, ఆయనది మెట్‌పల్లి దగ్గర పల్లె. మొదట్లో ఆయన మాట నాకు సగమే అర్థమయ్యేది, నా మాటకు ఆయన నవ్వేవాడు.

ఖతర్‌కు ఆయన కూలీగా వచ్చాడు. సైట్‌లో జనరేటర్ మొరాయించినప్పుడల్లా దాని చుట్టూ తిరిగి తిరిగి మెకానిక్ అయ్యాడు. తర్వాత మా కంపెనీకి మారి, ఇంజన్ సెక్షన్‌లో సీనియర్ అయ్యాడు. సీనియర్ అయితే మా కంపెనీ ఫ్యామిలీ క్వార్టర్ ఇస్తుంది. దోహాలోనే మెసైమీర్ అనే పేటలో రెండు గదులు. కూతురు రాణి హైదరాబాద్‌లో హాస్టల్లో చేరగానే భార్య మమతను తెచ్చుకున్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళిద్దరూ ఒకరినొకరు సెలవుల్లో చూసుకోవడమే. ఊళ్ళో వాళ్ళు "మమత దుబాయ్ పోయింది" అని చెప్పుకున్నారట. దుబాయ్ కాదని ఈవిడ ఎవరికీ చెప్పలేదు, చెప్పినా ఎవరూ వినరు.

ఆమె వచ్చాక పోశన్న చొక్కాకు ఇస్త్రీ మడతలొచ్చాయి. మధ్యాహ్నం జొన్నరొట్టె డబ్బా వచ్చింది. మనిషి ఈలలు వెయ్యడం మొదలుపెట్టాడు. మేమంతా ఏడిపించాం. "కొత్త పెళ్ళికొడుకా" అని నిసార్ అహ్మద్ పిలిచేవాడు. నిసార్ హైదరాబాద్ మనిషి, కార్ల కరెంటు పని చూస్తాడు.

అంతలో యూరప్ నుంచి కబురొచ్చింది. ఇక మీదట కంపెనీ కరెంటు కార్లే చేస్తుందట, పెట్రోలు ఇంజన్లకు నూకలు చెల్లాయట. ఇక్కడి వర్క్‌షాప్ కూడా వెంటనే మారాలట. ఒక మూల గొలుసు కట్టి కరెంటు బండ్లకు స్థలం కేటాయించారు. బ్యాటరీని దించే బల్ల వచ్చింది, నారింజ రంగు పిడుల పానాలు వచ్చాయి, షాక్ కొట్టకుండా మోచేతుల దాకా వేసుకునే రబ్బరు గ్లౌజులు వచ్చాయి. ఏడాది చివరికి ఇంజన్ సెక్షన్ సగమవుతుందనీ, కరెంటు బండ్ల పరీక్ష పాసైన వాళ్ళే సీనియర్లుగా ఉంటారనీ మేనేజర్ చెప్పాడు.

ఇన్ని వచ్చాయి గానీ కార్లే రాలేదు. వచ్చిన ఒకటీ అరా నా బల్ల ఎదుటి షోరూంలో నిలబడ్డాయి. జనం చూసేవాళ్ళు, తలుపు తీసి కూర్చునేవాళ్ళు, "ఈ ఎండల్లో ఏసీ వేస్తే ఎంత దూరం పోతుంది?" అని అడిగేవాళ్ళు. తర్వాత పక్క వీధిలో చైనా కార్లు చూడ్డానికి వెళ్ళిపోయేవాళ్ళు, అవి చవక కాబట్టి. ఈ సంగతి నా బల్ల దగ్గర్నుంచి నాకు కనిపించేది. యూరప్‌లో కూర్చున్న పెద్దలకు ఎందుకు కనిపించలేదో నాకిప్పటికీ తెలియదు.

పోశన్న పరీక్షకు పేరిచ్చాడు. ఇవ్వక తప్పదు. సీనియర్ పోతే క్వార్టర్ పోతుంది, క్వార్టర్ పోతే మమత పోతుంది. "చెల్లె, నాకు ఇంజన్ సప్పుడు వింటె దాని రోగం ఎర్కయితది. ఇది సప్పుడే చెయ్యదు. ఎట్ల?" అన్నాడు. అన్నాడే గానీ కూర్చుని నేర్చుకున్నాడు. జర్మనీ నుంచి యూర్గెన్ అనే ట్రైనర్ వచ్చాడు. నన్ను దుబాసీగా పక్కన కూర్చోబెట్టారు. ముందు కరెంటు ఆపడం, తాళం వెయ్యడం, గ్లౌజులు చూసుకోవడం, మీటర్ పెట్టడం. ఈ వరుస తప్పకూడదు. పోశన్న వరుస బాగా పట్టేశాడు. ఇంట్లో సాధన చేస్తానని మేనేజర్‌ను అడిగి, తన పానాలూ గ్లౌజులూ సంచిలో వేసుకుని మెసైమీర్ తీసుకెళ్ళాడు.

అప్పుడే దసరా వచ్చింది.

ఏటా కంపెనీ మనుషులుండే క్యాంప్‌లో తెలుగువాళ్ళంతా గది తలుపు వేసుకుని పానాలకు పూజ చేస్తారు. ఈసారి పోశన్నకు ఇల్లుంది, ఇంట్లో ఇల్లాలుంది. పూలు తేవడానికి ఆయన బజారుకు వెళ్ళి వచ్చేసరికి మమత చాప మీద పానాలన్నీ పరిచి, అన్నిటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేసింది. గ్లౌజులకు కూడా, ఒక్కో అరచేతిలో ఒక్కో బొట్టు. ఆయన చూశాడు. ఆమె ముఖం చూశాడు. ఇద్దరూ కలిసి చేసుకున్న మొదటి దసరా. కొబ్బరికాయ కొట్టి, దణ్ణం పెట్టుకుని, ఆమె వంటింట్లోకి వెళ్ళాక బొట్లను గుడ్డతో తుడిచి అన్నిటినీ సంచిలో పెట్టేశాడు. సాధన అప్పటికే పూర్తయింది, ఆ సంచిని మళ్ళీ పరీక్ష రోజే తెరిచాడు.

ఆయనకు తెలియనిది ఒక్కటే. రబ్బరు మీద బొట్టు నిలవడం లేదని మమత కుంకుమలో కొబ్బరినూనె కలిపింది.

పరీక్ష రోజు పోశన్న కరెంటు ఆపాడు, తాళం వేశాడు, గ్లౌజులు తీశాడు. అంచు మడిచి లోపల గాలి బిగించి, చెంపకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. గాలి పోవడం లేదు. తర్వాత అరచేతి వైపు తిప్పి వేలితో రుద్దాడు. రుద్దిన వేలిని వాసన చూశాడు. కొబ్బరినూనె వాసన. బొట్టు పెట్టినచోట రబ్బరు ఉబ్బి, జిగురుగా, మెత్తగా తయారైంది. ఇన్నాళ్ళూ వేడికి సంచిలో మగ్గిపోయింది.

"చెప్పు చెల్లె ఆయనకు," అన్నాడు నాతో. "ఇవి పనికిరావు. నూనె తాకింది."

యూర్గెన్ చేతిలోకి తీసుకుని చూసి తలూపాడు. గుర్తుపట్టడం సరిగ్గా చేశాడన్నాడు. ఇంకో జత వేసుకుని కానిమ్మన్నాడు. ఇంకో జత లేదు. పోశన్న చేతికి పట్టే పెద్ద సైజువి ఆ ఒక్క జతే వచ్చాయి, మిగతావి రెండో విడతలో రావాలి. అమ్మకాలు లేవని ఆ విడతను యూరప్‌లోనే ఆపేశారు. నిసార్ తన జత ఇవ్వబోయాడు, వాటిలోకి పోశన్న వేళ్ళు సగమే దూరాయి. బిగుతు గ్లౌజులతో చెయ్యనివ్వనని యూర్గెన్ అన్నాడు. అందులో యూర్గెన్ తప్పు లేదు. మళ్ళీ వచ్చినప్పుడు చేద్దువుగానిలే అని భుజం తట్టి, సాయంత్రం విమానమెక్కి వెళ్ళిపోయాడు.

నేను ఊరుకోలేదు. మేనేజర్ గదిలోకి వెళ్ళి, గ్లౌజులు తెప్పించి పరీక్ష మళ్ళీ పెట్టించమని గొంతు పెంచాను. "వచ్చే విడతలో చూద్దాంలేమ్మా" అన్నాడు. వచ్చే విడత రాలేదు. ఏడాది చివర ఇంజన్ సెక్షన్ సగమైంది. పోశన్నను ఆయిల్ మార్చే పనికి దించి, క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నారు.

మమతకు ఏం చెప్పాడో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఆ రోజు వాళ్ళింట్లోనే సామాన్లు సర్దుతున్నాను. "పరీక్షల చెయ్యి వణికింది," అన్నాడు. ఇంజన్ లోపల చెయ్యి పెట్టి, చూడకుండా బోల్టు బిగించే మనిషి! మమత నా వైపు చూసింది. "ఇంత పెద్ద మనిషికి భయమెందుకైందో సూడు చెల్లె," అంది. బొట్టు సంగతి నా నోటిదాకా వచ్చింది. పోశన్న నన్నే చూస్తున్నాడు. గిన్నెలు కాగితాల్లో చుట్టుకుంటూ కూర్చున్నాను. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, అంత గౌరవమూ కలిగింది.

ఆమె ఊరికి వెళ్ళిపోయింది. ఆయన క్యాంప్‌కు మారాడు. ఈలలు ఆగిపోయాయి.

ఎండలు ముదురుతుండగా యూరప్ నుంచి ఇంకో కబురు. కరెంటు కార్లు అనుకున్నంతగా అమ్ముడుపోవడం లేదట, పెట్రోలు ఇంజన్లు ఇంకా కొన్నాళ్ళు చేస్తారట. ఎంత సులువుగా రాశారో! గొలుసు కట్టిన మూలలో ఇప్పుడు పాత టైర్లు పెట్టాం. కరెంటు పరీక్ష పాసైన నిసార్‌కు ముట్టుకోవడానికి బండి లేదు. ఇంజన్ సెక్షన్‌కు మనుషులు చాలక మేనేజర్ పోశన్నను పిలిచి, మళ్ళీ సీనియర్‌వి, మళ్ళీ క్వార్టర్ ఇస్తాం, భార్యను పిలిపించుకో అన్నాడు.

పోశన్న పరుగున నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన నా బల్ల దాకా రావడం అదే మొదటిసారి. అక్కడి నుంచే మమతకు ఫోన్ చేశాడు. నూనె చేతులు కదా, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు.

"మల్ల రూం ఇస్తున్నరు. ఇంజన్ బండ్లు ఉంటయట. రా," అన్నాడు.

అవతల నుంచి మమత, "ఎన్నొద్దులు ఉంటయట?" అంది.

"అంటే?"

"ఇంజన్ బండ్లు. ఎన్నేండ్లు ఉంటయో అడిగి చెప్పు. నేను వస్త."

పోశన్న నా వైపు చూశాడు. నేను మేనేజర్‌ను అడిగాను. ఆయన పైవాళ్ళను అడిగాడు. పైవాళ్ళు యూరప్‌కు రాశారు. వారం తర్వాత జవాబు వచ్చింది: మార్కెట్‌ను బట్టి ఎప్పటికప్పుడు నిర్ణయిస్తాం. దాన్ని తెలుగులో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చివరికి పోశన్నే చెప్పుకున్నాడు, మళ్ళీ నా బల్ల దగ్గరే నిలబడి.

"ఎవ్వలకు ఎర్క లేదట, మమతా."

"గట్లయితె నేను రాను," అంది ఆమె. కోపం లేదు గొంతులో. "ఒక్కపారి ఇల్లు జేస్కున్న, ఒక్కపారి ఇప్పుకున్న. రెండోపారి నాతోని గాదు. నువ్వు తిన్నవా?"

"తిన్న," అన్నాడు పోశన్న. తినలేదు. ఇక్కడ అప్పటికింకా పదకొండు కూడా కాలేదు.

ఫోన్ పెట్టేశాక, "ఆమె తప్పేం లేదు చెల్లె," అన్నాడు. "నేనైనా గదే అందును." తిరిగి లోపలికి వెళ్ళి ఒక బండి బానెట్ కింద తల పెట్టాడు. మధ్యాహ్నం ఒక కస్టమర్ వచ్చి తొందర పెడితే నేను రెండుసార్లు పిలిచాను. లోపలికి వెళ్ళి చూస్తే, ఆగి ఉన్న ఇంజన్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉన్నాడు. కస్టమర్‌ను రేపు రమ్మన్నాను.