ఆ గీతలు ఎవరివి

మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయం కంటే ఒళ్లుమంటే ఎక్కువ.

మాది కుప్పం. బీఎస్సీ కార్డియాక్ టెక్నాలజీ చదివేటప్పుడు మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మాకు పోస్టింగ్ వేశారు. పేరు చెప్పను. పగలంతా "మీరింకా పిల్లలు, మిషన్ ముట్టుకోవద్దు" అనేవాళ్లు. రాత్రయితే టెక్నీషియన్ ఇంటికి పోయేవాడు, ఆసుపత్రి మొత్తానికి ఈసీజీ తీసేది నేనొక్కదాన్నే. చదువుకోవడానికి పోయామో, ఊరికే చాకిరీ చేయడానికి పోయామో మాకే తెలియదు.

మనిషి పోయినా ఈసీజీ తీయాలి, తెలుసా? గీత తిన్నగా వస్తేనే డాక్టరు పోయినట్టు రాస్తాడు. ఒక రాత్రి నన్ను అందుకే పంపించారు. చివరి గది. పుంగనూరు దగ్గరి పల్లె నుంచి తెచ్చిన రైతు. నర్సు అప్పటికే దుప్పటి ముఖం మీదికి లాగేసి వెళ్లింది. తలుపు దగ్గర ఆయన భార్య నిలబడి ఉంది. నా తెల్లకోటు చూసి చెయ్యి పట్టుకుంది.

"డాక్టరమ్మా, బాగా సూడమ్మా. నాకెందుకో ఆయన ఉండాడనిపిస్తాండాది."

నేను డాక్టరును కాదని చెప్పడానికి నోరు రాలేదు. లోపలికి వెళ్లి తలుపు వేశాను.

చేతులకు, కాళ్లకు క్లిప్పులు పెట్టాను. మణికట్టు బాగా సన్నబడిపోయింది. ఎడమచేతి క్లిప్పు జారిపోతోంది. దాన్ని అలాగే అదిమి పట్టుకుని బటన్ నొక్కాను.

కర్ర్ర్... కాగితం వస్తోంది. గీత తిన్నగా ఉంది. తిన్నగా... తిన్నగా...

ముల్లులా ఒకటి పైకి లేచింది.

ఊపిరి బిగబట్టాను. మళ్లీ తిన్నగా... చాలాసేపు... నా భ్రమే అనుకున్నాను. ఇంకొకటి లేచింది. నెమ్మదిగా. అలసిపోయిన మనిషి ఆగి ఆగి మెట్లెక్కుతున్నట్టు... మళ్లీ ఇంకొకటి. ముఖం మీద దుప్పటి కదలలేదు. కాగితం మాత్రం వస్తూనే ఉంది... కర్ర్ర్...

చించుకుని డ్యూటీ డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన సెల్‌ఫోను పక్కన పెట్టకుండానే చూశాడు.

"చెయ్యి పట్టుకోనింటివా?"

"క్లిప్పు జారతాంటే పట్టుకున్నా సార్."

"ఇంకేముండాది. అది నీ గుండె కొట్టుకునేదే పడుండాది. ముట్టుకోకుండా మళ్లా తీసుకోని రా."

"మీరొకసారి వచ్చి సూడండి సార్."

"నాకు నేర్పిస్తాండావా?"

ఆ కాగితాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేశాడు. నేను మళ్లీ వెళ్లాను. క్లిప్పుకు ప్లాస్టర్ అంటించి దూరంగా నిలబడ్డాను. ఈసారి గీత తిన్నగా వచ్చింది. ఎంతసేపు తీసినా తిన్నగానే వచ్చింది. బయటికి వచ్చాను. ఆయన భార్య నా ముఖం చూసి అక్కడే కూలబడింది.

ప్రాణం పోయాక కూడా కాసేపు అలాంటి గీతలు రావచ్చని తర్వాత పుస్తకంలో చదివాను. డాక్టరు అన్నట్టు నా గుండే అయ్యుండొచ్చు. అలా సర్దిచెప్పుకుని బతికాను.

కొన్నాళ్లకు ప్రాక్టికల్ క్లాసులో నా స్నేహితురాలు నాకే ఈసీజీ తీసింది. హాయిగా పడుకుని ఉన్నాను. అయినా గీతలు దగ్గర దగ్గరగా, గబగబా వచ్చాయి. "నీ గుండెకు ఎప్పుడూ పరుగేనే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి భయంతో నా గుండె గొంతులో కొట్టుకుంటోంది. ఆ కాగితం మీద గీతలేమో అంత నెమ్మదిగా... అంత దూరం దూరంగా...

మరి అవి నావెలా అవుతాయి?

బాగా సూడమ్మా అనింది ఆమె. చూశాను. చూసింది నేనొక్కదాన్నే.