సుత్తి చెయ్యి, గ్రహణం చెయ్యి

ముప్పై ఏళ్లు దాటేదాకా నేను అక్షరం రాయలేదు. కారణం నా కుడి చెయ్యి. మణికట్టు మీద రేగుపండంత ఎముక బొడిపె, వేళ్ల మొదళ్లలో చిన్నవి మరో మూడు, పక్కకు తిరిగిన చిటికెన వేలు. బడికి పంపితే బలపం పట్టిన చెయ్యి పదిమందీ చూస్తారని, చూస్తే పెళ్లి కాదని బాపు నన్ను ఇంట్లోనే ఉంచాడు. బలపానికి పనికిరాదన్న చేతికి రోకలి ఇచ్చారు. దానికి మాత్రం బాగానే పనికొచ్చింది.

బొడిపెలు ఎందుకొచ్చాయో మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను కడుపులో ఉండగా గ్రహణం పూట అమ్మ అడకత్తెరతో వక్క కత్తిరించిందట. అమ్మకు అలా చేసిన గుర్తు లేదు. కానీ నా చెయ్యే సాక్ష్యం కదా, ఒప్పుకుంది. అడకత్తెరను సందూకు పెట్టె అడుగున పడేసి పాన్ మానేసింది.

బాపు చేతులకూ అలాంటి బొడిపెలే ఉండేవి. అయితే వాటి సంగతి వేరు. ఆయన చార్మినార్ వెనక గల్లీలో వెండిని తోలు పొరల మధ్య పెట్టి, పొద్దస్తమానం సుత్తితో కొట్టి, మిఠాయిల మీద అతికించే వరఖు చేసేవాడు. అవి కష్టం చేసిన చేతులు. నాది అమ్మ చేసిన తప్పు. ఆ రెండు చేతులనూ పక్కపక్కన పెట్టి చూసిన వాళ్లు ఎవరూ లేరు, నాతో సహా.

నా కడుపున బిడ్డ ఉండగా గ్రహణం వచ్చింది. అమ్మ నన్ను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి గడప దగ్గర కాపలా కూర్చుంది. దురద పెట్టినా గోక్కోనివ్వలేదు. అయినా బిడ్డకు నాలుగో ఏట మణికట్టు మీద బొడిపె లేచింది. పొడుగు చేతుల చొక్కాలు కుట్టి బడికి పంపాను. రెండో తరగతికి వచ్చేసరికి బొడిపె పెరిగి చొక్కా చేతి గుండీ పట్టడం మానేసింది.

"ఇగ బడి బంద్ జెయ్యి," అన్నాడు బాపు. "నువ్వు సదివినవా? నీకు పెండ్లి గాలేదా?"

ఇల్లరికం వచ్చిన మా ఆయన చాయ్ తాగుతూ గోడ వైపు చూశాడు.

"దవాఖానల చూపిస్త బాపూ. డాక్టర్ గూడ బంద్ జెయ్యమంటే చేస్త."

ఆ మాట చెవులారా విందామని బాపు కూడా వెంట వచ్చాడు.

డాక్టర్ బిడ్డ చేతికి ఎక్స్‌రే తీయించాడు. నా చెయ్యి చూశాడు. తర్వాత చీటీ అందుకోబోయిన బాపు చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఇవెప్పటి సంది ఉన్నయి పెద్దాయనా?"

"గివా? సుత్తె కొట్టి కొట్టి వచ్చినయి డాక్టర్ సాబ్. కష్టం."

డాక్టర్ వంగి ధోతి మీది నుంచే ఆయన మోకాలు తడిమాడు. "గిక్కడ గూడ ఉన్నయి గదా. మోకాలుతోని గూడ కొట్టినవా?"

బల్ల మీద కూర్చున్న రోగులు నవ్వారు. బాపు నవ్వలేదు.

"మరి గ్రహణం, సార్?" అన్నాను.

"గ్రహణం గాదు, సుత్తె గాదు. మీ బాపు నుంచి నీకు, నీ నుంచి బిడ్డకు వచ్చింది. ఒళ్లు ఎదుగుడు ఆగితే ఇవి గూడ ఆగుతయి. అటెన్క పెరిగినా, నొప్పి వెట్టినా చూపియ్యాలె."

"బడి?"

"బడికేమైంది? బలపం జర వంకరగ వట్టుకుంటది. వట్టుకోనీ."

రిక్షాలో బాపు దారంతా చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో నేను చెప్పిందంతా అమ్మ వింది. తర్వాత మామూలు గొంతుతో, "సందూకుల అడకత్తెర ఉంటది," అంది. నేను లేచాను.

"నువ్వు గాదు బిడ్డా. ఆయనను తియ్యమను."

బాపు తీశాడు. తుప్పు గీకి, నూనె రాసి, వక్క కత్తిరించి ఇచ్చాడు. అమ్మ ముక్కలను అరచేతిలో కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏంది గిట్ల గోసినవ్? మోకాలుతోని గోసినవా?"

బడి బంద్ మాట బాపు మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున బిడ్డ చొక్కా చేతులు మోచేతుల దాకా కత్తిరించి, అంచు మడిచి కుట్టాను. బడికి తీసుకెళ్తూ దారిలో రెండు బలపాలు కొన్నాను. దానికొకటి, నాకొకటి.