ఎండలో చదువుకున్న మా ఖాజన్న

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుండగా ఫోన్ మోగింది.

ఖాజన్న లేడట.

"ఏ ఖాజన్న?" అని అడిగాను. మా ఊరు లింగాలలో నాకు తెలిసిన ఖాజన్న ఒక్కడే. అయినా అడిగాను.

పొద్దున్నే తన ట్రాక్టర్ రిపేరు షెడ్డు తెరిచి, ఛాతీలో నొప్పి అన్నాడట. అచ్చంపేట దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

నాది జిరాక్స్ షాపు. అన్న నా కస్టమర్. కొత్త ట్రాక్టర్లలో అంతా వైరింగే. వాటి మాన్యువల్స్ పీడీఎఫ్‌లు ఫోన్‌లో తెచ్చి, డయాగ్రమ్స్ ప్రింట్ తీయించుకునేవాడు. వారం తిరక్కముందే అవి గ్రీజు పట్టి చిరిగిపోయేవి. ఫోన్‌లో చూద్దామంటే ఎండకు ఏమీ కనిపించేది కాదు.

రెండు మూడు బండ్లు తన షెడ్డు నుంచి రిపేరు కాకుండానే వెనక్కి వెళ్లాయి. ఆ రోజుల్లో చాలా కుంగిపోయాడు.

"ఇరవై ఏండ్ల సంది చేస్తున్న చెల్లె. గిప్పుడు నాకు పని రాదంటున్నరు."

పుస్తకాలు చదువుకునే పలకలాంటి ఈ-రీడర్ సంగతి నేనే చెప్పాను. ఎండలో కాగితంలాగే కనిపిస్తుందని.

మా తమ్ముడి దగ్గరున్న ఆరించుల చిన్నది తెచ్చి చూపించాను. అన్న ముక్కుకు ఆనించుకుని చూశాడు.

"ఇందుల వైర్లు ఏడున్నయి చెల్లె? చీమలు పోతున్నట్టుంది."

జూమ్ చేస్తే వైరు మొదలు కనిపిస్తుంది, కొస కనిపించదు. పదించులదైనా కావాలి.

కలర్‌ది మా వల్ల కాని రేటు. బ్లాక్ అండ్ వైట్‌లో ఎర్ర వైరు, ఆకుపచ్చ వైరు ఒకేలా ఉంటాయని నా దిగులు. అన్న నవ్వాడు.

"పక్కన అక్షరం ఉంటది గదా. ఆర్ అంటే రెడ్. గది పెద్దగ కనవడితే చాలు."

ఇక్కడే నేను తప్పు చేశాను.

రేటు తగ్గుతుందేమో, సేల్ పెడతారేమో అని ఆపుతూ వచ్చాను. రివ్యూలు చూస్తూ ఎండాకాలమంతా గడిపేశాను. అన్న వారానికోసారి వచ్చి "ఏమైంది చెల్లె?" అనేవాడు.

"జర ఆగన్నా" అనేదాన్ని.

చివరికి హైదరాబాద్‌లో ఒకరు వాడి అమ్మేస్తున్నది దొరికింది. పదించులది. తెర మీద ఒక్క గీత లేదు.

అన్న చేతికిచ్చిన మూడో రోజే ఫోన్ చేశాడు. ఊరి బయట పొలంలో ఒక ట్రాక్టర్ ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. బానెట్ మీద రీడర్ పెట్టుకుని, ఒక్కో వైరు వెంట వేలు పెట్టుకుంటూ పోయాడట. సీటు కింద ఎలుక కొరికిన వైరు దొరికింది.

ముందు బండి చప్పుడు వినిపించాడు. తర్వాతే మాట్లాడాడు.

"ఇన్నవా? స్టార్టయింది! పేజీ మొత్తం ఒక్కసారే కనవడ్డది చెల్లె!"

ఆయన గొంతులో అంత సంబరం నేను ఎప్పుడూ వినలేదు.

అది జరిగి నెల కూడా కాలేదు.

నిన్న వాళ్లింటికి వెళ్తే షమీమ్ వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది.

"నువ్వు తెచ్చిచ్చినంక మళ్ల ఖుషీగ పనికి పోతుండె."

ఆ మాటకు నాకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. ఎండాకాలమంతా ఆ ఖుషీని ఆపింది నేనే కదా.

అన్నను మోసుకెళ్లే జనాజా వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడ్డాను.

నీకు నాలుగు డబ్బులు మిగలాలనుకున్నాను అన్నా. నీకున్నవి ఇంత తక్కువ రోజులని తెలియదు. మాఫ్ చెయ్యి.

పోయిరా ఖాజన్నా. అల్లా నిన్ను చల్లని చోట ఉంచాలి.